సగం బ్లేడు

బ్లేడు గురించి ఏసుదానం ముందు నోరు విప్పడమంటే కోరి తిట్లు తినడమే. చోడవరంలో బ్లేడు అమ్మేవాడికి బ్లేడు తెలియదు, సెలూన్లో దాన్ని విరిచేవాడికి అంతకన్నా తెలియదు, పొద్దున్నే అద్దం ముందు నిలబడి నురగ పూసుకునే మహానుభావులకి అసలే తెలియదు. ఇదీ అతని తీర్పు. "గెడ్డం ఏటండి, గెడ్డం. మెత్తగా నానబెట్టేక ఉల్లిపొట్టుతో గీసినా ఊడొస్తాది. కొమ్మ కొయ్యమనండి, అప్పుడు తెలుస్తాది దాని బతుకు," అనేవాడు.

కొమ్మ కోయడం అతని వృత్తి. ముప్ఫై రెండేళ్ళుగా జీడిమామిడి అంట్లు కడుతున్నాడు. పని చెప్పడానికి రెండు ముక్కలే. సంచిలో పెరిగిన పిల్ల మొక్క తల తీసేసి, కాండాన్ని నడిమికి చీల్చాలి. బాగా కాసే చెట్టు నుంచి తెచ్చిన పుల్ల అడుగును రెండు వైపులా చెక్కి, పలచటి మేకులా చేసి ఆ చీలికలో దించాలి. పైన ప్లాస్టిక్ రిబ్బను బిగించి కట్టాలి. రెండు కోతలూ ఎక్కడా సందు లేకుండా ఆనుకుంటే మూడు వారాల్లో చిగురు వస్తుంది. గోరంత సందు మిగిలినా పుల్ల ఎండిపోతుంది, మొక్క పొయ్యిలోకి పోతుంది. అందుకే ఈ పనికి కత్తి చాలదు, బ్లేడు కావాలి. ఏసుదానం బ్లేడును కాగితంలో ఉండగానే నిలువునా టక్కున విరిచి, ఒక సగం తన ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టుకునేవాడు. అతనిది పుర్రచేతి వాటం. రెండో సగాన్ని రిబ్బను కోసుకోవడానికి పక్కనున్న భార్య వరమ్మ వైపు విసిరేవాడు.

మగాడు కోస్తాడు, ఆడది కడుతుంది. రావికమతం దారిలో ఏ నర్సరీకి వెళ్ళినా అప్పట్లో ఇదే వరస. ఆడదాని చేతి కోత అంటదని ఏసుదానానికి తండ్రి చెప్పాడు, ఆ తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు. అది బైబిల్లో లేదు, వ్యవసాయం పుస్తకంలోనూ లేదు. అయినా ఆ రెండు పుస్తకాలకీ లేని పలుకుబడి ఆ ఒక్క ముక్కకి ఉంది. ఇక కట్టడమంటే ఏసుదానానికి పరమ చులకన. "అదేటి, జడ ఏసుకోడం వచ్చిన ప్రతి గుంటకీ వచ్చు," అనేవాడు, వరమ్మ వింటూ ఉండగానే. వరమ్మ రిబ్బను పళ్ళతో లాగి ముడి వేసేది.

కానీ అతని పేరు మటుకు గట్టిది. దేవరాపల్లి వైపు రైతులు నర్సరీకి వస్తే మొక్క ఎత్తూ ఆకుల రంగూ చూడరు. "ఏసుదానం కోసినవేనా?" అని అడుగుతారు. ఔనంటే ఆటోలో ఎక్కించుకుంటారు. డాక్టరుకి ఉన్నట్టు అతనికీ హస్తవాసి ఉందని వాళ్ళ నమ్మకం. అతనికైతే అది నమ్మకం కూడా కాదు, పొద్దున్న సూర్యుడు పొడుస్తాడన్నంత నిజం.

ఆ నిజానికి మొన్న జూన్‌లో చిల్లు పడింది. ఆరువందల అంట్లు కడితే నాలుగువందలు ఎండిపోయాయి. వరసలన్నీ కాల్చేసిన అగ్గిపుల్లల్లా నిలబడ్డాయి. అసలు ఆ నెలే బాగోలేదు. వరమ్మ కీళ్ళ జ్వరంతో మంచం పట్టింది, ఆవిడ బదులు పక్కింటి చిన్నమ్మి వచ్చి రిబ్బన్లు కట్టింది, వానలు కూడా ఆలస్యమయ్యాయి. నర్సరీ యజమాని కామేశం గారు వరసల మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, చివరికి ఏసుదానం ముందు ఆగారు.

"శ్రావణంలో కట్టేవి కూడా ఇలాగే పోతే కడియం నుంచి మనుషుల్ని దింపుతాను. నువ్వు సంచుల్లో మట్టి నింపుకుందువు గాని."

ఆయన గట్టిగా కూడా అనలేదు. ఆ మెల్లగా అనడమే ఏసుదానానికి ఎక్కువ గుచ్చుకుంది. మట్టి నింపడం కొత్తగా చేరిన కూలీలు చేసే పని. చేతిలో పనితనం లేనివాళ్ళు చేసే పని. దేవరాపల్లి రైతులు వచ్చి "ఏసుదానం ఏడీ?" అంటే, మోకాళ్ళ దాకా మట్టిలో కూర్చున్న తనని వేలితో చూపిస్తారు. ఆ ఊహతోనే అతను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు కారణం దొరికింది, ఆకలి వేసింది.

కారణం బ్లేడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత అతనికి తెలియక కాదు. సామెతలన్నీ ఎదుటివాళ్ళ కోసం పుట్టాయని అతని నమ్మకం. తనెప్పుడూ వాడేది తేలుబొమ్మ బ్లేడు. పాన్‌షాపుల్లో వేలాడుతుంది, కాగితం మీద తోక ఎత్తిన తేలు ఉంటుంది, తయారైన ఊరి పేరు మటుకు ఉండదు. ఏ ఊరూ ఒప్పుకోలేదేమో. ఇన్నేళ్ళూ మంచిగా కోసిన ఆ బ్లేడు ఈ మధ్య సరుకు మారిపోయిందని అతను తేల్చేశాడు. సాక్ష్యం కూడా మొహం మీదే ఉంది. ప్రతి ఆదివారం చర్చికి ముందు గీసుకునే గడ్డం, ఇప్పుడు గీసుకున్నప్పుడల్లా గవద కింద రెండుచోట్లా మీసం పక్కన ఒకచోటా తెగుతోంది. కాగితం మీద అక్షరాలు కూడా మసకగా ఉంటున్నాయి. అచ్చు వెయ్యడం చేతగానివాళ్ళు ఉక్కేం చేస్తారు? నర్సరీ పైన కట్టిన పచ్చ వల ఒకటి, దాని వల్ల మధ్యాహ్నం కూడా పొగమంచు పట్టినట్టు ఉంటోంది. ఇన్ని దరిద్రాల మధ్య తను కోస్తున్నాడంటే అది తన గొప్ప.

"కళ్ళు సూపించుకోరాదా," అంది వరమ్మ.

బ్లేడు సంగతి మాట్లాడుతుంటే కళ్ళ సంగతి ఎత్తే మనిషితో ఏం మాట్లాడతాం? ఏసుదానం తలగుడ్డ దులుపుకుని కామేశం గారి ఇంటికి బయలుదేరాడు.

వేరే యజమాని అయితే ఆ కారణం విని గేటు దాకా తరిమేవాడు. కానీ ఏసుదానం అదృష్టమో, ఆ మొక్కల దురదృష్టమో, కామేశం గారికి ఉన్న పిచ్చి కూడా అదే. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా రిటైరయ్యాక ఆయన రెండు పనులు మొదలుపెట్టారు. ఒకటి ఈ నర్సరీ. రెండోది గడ్డం. ఇనుప రేజరు కొన్నారు, కుంచె కొన్నారు, ఆన్‌లైన్లో దేశదేశాల బ్లేడులు తెప్పించి బిస్కట్ల డబ్బాలో దాచారు. తేమ తగలకుండా మందుసీసాల్లో వచ్చే తెల్ల పొట్లాలు కూడా అందులో వేశారు. రోజూ గడ్డం గీసుకున్నాక చెంపలు నిమురుకుంటూ ఆ రోజు బ్లేడు మీద ఉపన్యాసం ఇచ్చేవారు. ఆయన భార్య లక్ష్మీసుందరి గారు సరిగ్గా ఆ వేళకే మిక్సీ వేసుకునేవారు. ఇలా శ్రోత లేక అలమటిస్తున్న మనిషి దగ్గరికి ఏసుదానం వెళ్ళి, అంట్లు పోవడానికి కారణం బ్లేడేనని చెప్పాడు. కామేశం గారు లోపలికి రమ్మని కుర్చీ వేశారు. ముప్ఫై రెండేళ్ళలో ఏసుదానానికి యజమానులెవరూ కుర్చీ వెయ్యలేదు.

డబ్బా తెరిచారు. ఒక్కొక్క కాగితం విప్పి, బ్లేడు అంచుని వెలుతురుకి పెట్టి, ఇది ఎక్కడ పుట్టింది, దీని పూత ఏమిటి, ఈ మూలల్లో మైనపు చుక్కలు ఎందుకు పెడతారు అని గంటన్నర చెప్పారు. కాగితం లోపల బ్లేడు కదిలి అంచు చెడకుండా ఆ చుక్కలట. ఏసుదానం వినయంగా విని, చుక్కని గోటితో గీకి, లుంగీకి తుడిచాడు. రష్యా బ్లేడు విరిచి చప్పుడు విన్నాడు. మొండిదన్నాడు, ముదురు పుల్లకి పనికొస్తుంది గానీ లేతదాన్ని నలిపేస్తుందన్నాడు. జర్మనీది వేళ్ళ మధ్య వంచి చూసి, గవర్నమెంటు గుమస్తాలాంటిదన్నాడు. తప్పు చెయ్యదు, అలాగని పనీ చెయ్యదు. జపానుది విరిచినప్పుడు చప్పుడే రాలేదు. పెరట్లో కరివేపాకు రెమ్మ మీద పెడితే దానంతటదే దిగిపోయింది.

"కోస్తన్నట్టే తెలీడం లేదండి," అన్నాడు ఏసుదానం. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"అదీ పదునంటే. ఇందాకటి నుంచీ నేను మొత్తుకునేది అదే," అన్నారు కామేశం గారు. ఇద్దరూ అప్పుడే పెళ్ళి కుదిర్చిన వియ్యంకుల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

పోటీ పెట్టాలని అక్కడే నిర్ణయమైంది. ఒకే చెట్టు పుల్లలు, ఒకే వయసు మొక్కలు, నాలుగు వరసలు, వరసకి వంద. రష్యాకొకటి, జర్మనీకొకటి, జపానుకొకటి. నాలుగోది తేలుబొమ్మకి, ఊరికే, ఓడిపోవడానికి. రోజుకో వరస. వరస మొదట పుల్ల పాతి దానికి ఆ బ్లేడు కాగితం గుచ్చాలి. జపాను గెలుస్తుందని ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి ఆ పరీక్షలో పరీక్షించడానికేమీ మిగల్లేదు. అయినా కామేశం గారు ఇంజినీరు కదా, పద్ధతి ప్రకారం ఓడిస్తేనే ఆయనకి తృప్తి.

మొదటి రోజు రష్యా. ఏసుదానం కోసి, పుల్ల దించి, సంచిని వరమ్మ ముందుకి జరిపేవాడు. వరమ్మ అతనికి వీపు పెట్టి కూర్చుని కట్టేది. ఈ వీపు పెట్టడం ఎప్పుడు మొదలైందో అతనికి గుర్తు లేదు. వెలుతురు అటునుంచి బాగుంటుందని ఎప్పుడో చెప్పింది. ఆవిడ చేతి వేగం బొత్తిగా తగ్గిపోయిందని మటుకు అతను రోజూ చూస్తున్నాడు. తను నాలుగు కోసేసరికి ఆవిడ ఒకటి కట్టేది. కట్టు కట్టడానికి ఇంతసేపయితే ఇల్లు కట్టడానికి ఎంతసేపవుతుందని విసుక్కునేవాడు. కొత్త బ్లేడు సగం విసిరితే దాన్ని కూడా సరిగ్గా వాడుకోదు, కొంగున ముడేసుకుంటుంది. ఖరీదైన వస్తువు విలువ అందరికీ తెలియదు కదా అని సరిపెట్టుకున్నాడు.

రెండో రోజు జర్మనీ. మూడో రోజు జపాను వంతు. సరిగ్గా ఆ రోజే వరమ్మ రావికమతం వెళ్ళాలంది. ఆవిడ చెల్లెలి మనవరాలికి పేరు పెట్టే ప్రార్థన, పెద్దమ్మమ్మ లేకపోతే ఎలా అంది. బస్సుకి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగింది.

"ఆ జపానుది నేనొచ్చేక ఎయ్యకూడదా? ఇయ్యాళ తేలుబొమ్మది ఏసెయ్యి."

"నువ్వు లేపోతే జపాను ఆగిపోతాదేటి?" అన్నాడు ఏసుదానం. "కట్టడమే కదా. సిన్నమ్మి కడతాది."

వరమ్మ ఇంకేదో అనబోయి, చేతిసంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు చిన్నమ్మి చకచకా కట్టింది. అతను కోసే వేగానికి సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నం రెండు కాకుండానే వంద అయిపోయాయి. ఏసుదానం బ్లేడుని తుడిచి మురిసిపోయాడు. అంత హాయిగా అతను కోసి ఎన్నాళ్ళయిందో. చెయ్యి బాగున్నప్పుడు బ్లేడు కూడా బాగుంటే పని ఇలా ఉంటుంది, పక్కన చేతకాని మనిషి లేకపోతే ఇంకా బాగుంటుంది. నాలుగో రోజు వరమ్మ తిరిగొచ్చింది, తేలుబొమ్మ వరస మళ్ళీ పొద్దువాలే దాకా సాగింది.

మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో కామేశం గారు రోజూ వచ్చి జపాను వరస ముందు నిలబడేవారు. ఇరవై రెండో రోజున పుస్తకం, పెన్నూ పట్టుకుని వంగి వంగి లెక్కపెట్టారు. రష్యా ఎనభై ఒకటి. జర్మనీ డెబ్భై తొమ్మిది. తేలుబొమ్మ ఎనభై ఎనిమిది. జపాను ఇరవై మూడు.

రెండోసారి లెక్కపెట్టారు. జపానుకి ఇంకొకటి తగ్గింది.

కామేశం గారు కాసేపు తన చెంపని తానే అనుమానంగా తడుముకున్నారు. కానీ ఇంజినీరుకి సిద్ధాంతం మార్చుకోవడం ఎంతసేపు? గేటు దాటేలోపు కొత్తది తయారైంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనమే మన సరుకుని చిన్నచూపు చూశామన్నారు. విదేశీ పూతలు మన జీడి పాలకి పడవన్నారు. మన మట్టికి మన ఉక్కే అన్నారు. ఆ ఉక్కు ఎక్కడిదో తేలుబొమ్మ వాడు కూడా చెప్పలేదన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు. సాయంత్రానికి అదంతా తన గడ్డాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. పోతూ పోతూ ఏసుదానం భుజం తట్టి, నీ హస్తవాసికి నాటు బ్లేడే సరి, రేపు పెద్ద ఆర్డరు హరిబాబుని తీసుకొస్తానన్నారు. హరిబాబు దేవరాపల్లిలో పదెకరాల్లో జీడి వెయ్యబోతున్న రైతు. రెండు వేల అంట్లు కావాలని అడిగి, జూన్ సంగతి విని వెనక్కి తగ్గినవాడు.

అంటే మట్టి నింపే గండం తప్పింది. ఏసుదానం సంతోషించాలి. కానీ అతనికి మింగుడుపడలేదు. ఆ జపాను బ్లేడు వేళ్ళ మధ్య ఎలా నడిచిందో అతనికి తెలుసు. తప్పు దానిది కాదు. మరెవరిది? క్షణంలో దొరికింది. చిన్నమ్మి. జూన్‌లో కట్టింది చిన్నమ్మి, జపాను వరస కట్టిందీ చిన్నమ్మే. ఆ గుంట వదులుగా కట్టి చంపేసింది. రుజువు చూపించి నాలుగు దులుపుదామని ఒక ఎండిన అంటు తీసుకుని గట్టు మీద కూర్చుని రిబ్బను విప్పసాగాడు.

రిబ్బను తొందరగా రాలేదు. ఎంత బిగించి కట్టిందంటే పళ్ళతో లాగాల్సివచ్చింది. విప్పితే లోపల పుల్ల కదిలింది. దాన్ని బయటికి తీసి, అలవాటుగా బొటనవేలు కోత మీద నడిపించాడు.

వేలు ఆగిపోయింది. కోత నున్నగానే ఉంది, జపాను పదునంటే పదునే. కానీ ఒకవైపు పైనే ఆగిపోయింది, రెండోవైపు కిందికి జారిపోయింది. నడుమ గుంట. కొస మేకులా లేదు, విరిగిన పెన్సిలు ముక్కలా ఉంది. మొదటిరోజు పనిలోకొచ్చిన కుర్రాడు కూడా ఇలా కొయ్యడు. ఏసుదానం ఇంకోటి విప్పాడు. ఇంకోటి. పది విప్పాడు. అన్నీ అవే. కళ్ళకి ఇన్నాళ్ళూ తిన్నగా కనిపించిన కోత వంకరని వేలు ఇప్పుడు ముక్కు మీద గుద్ది చెప్పింది.

మరి తేలుబొమ్మ వరస ఎలా బతికింది? చిగురేసిన మొక్క విప్పడమంటే దాని పీక నొక్కడమే. అయినా ఒకటి విప్పాడు. రెండు కోతలూ అప్పటికే ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. జాగ్రత్తగా ఊడదీసి, బొటనవేలు పెట్టాడు. తిన్నని కోత. పల్చటి కొస. తన మంచి రోజుల్లో కోసినట్టే ఉంది, ఒక్కటి తప్ప. పుర్రచేత్తో చెక్కితే కోత ఆఖర్న కాస్త కుడికి ఒరుగుతుంది. ముప్ఫై రెండేళ్ళుగా అతని ప్రతి కోతా అలాగే ఒరిగింది. ఇది ఎడమకి ఒరిగింది. కుడిచేత్తో కోసిన కోత ఇది.

ఆ గట్టు మీదే అతను చాలాసేపు ఉండిపోయాడు. సిగ్గనిపించింది. అంతకు మించి భయమేసింది. రష్యా వరసలో ఒకటీ, జర్మనీ వరసలో ఒకటీ విప్పే అవసరం లేదు. అయినా విప్పాడు, మొండివాడు కదా. అవీ ఎడమకే ఒరిగాయి.

వరమ్మ కుళాయి దగ్గర బకెట్ నింపుతోంది. అతను వెళ్ళి ఆ పుల్ల ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పుల్లని చూసింది, విప్పిన చిగురుని చూసింది. మొక్క పాడుచేసినందుకు మొహం చిట్లించింది తప్ప ఉలిక్కిపడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"రెండు వానాకాలాల నుంచి. అప్పుడొక వరస మొత్తం పోనాది, గేపకం ఉందా? ఎందుకు పోనాదో అని ఇప్పి సూసేను. నీ కంట్లో పొర దిగిపోనాది. అప్పట్నుంచీ నువ్వు కోసింది తీసి మళ్ళీ కోసి కడతన్నాను."

"సెప్పొచ్చు కదే."

"సెప్పేను. కళ్ళు సూపించుకోమని ఎన్నిసార్లు సెప్పేను. సెప్పినప్పుడల్లా నువ్వు బ్లేడు మార్సేవు." వరమ్మ కుళాయి కట్టేసింది. "నేను మంచం ఎక్కితే మొక్కలు సచ్చిపోనాయి. రావికమతం ఎల్తే సచ్చిపోనాయి. అదైనా తెలుస్తాదనుకున్నాను."

మనిషి ఎంత కుంగినా అతనిలో ఉన్న పురుగు ఊరుకోదు. అంత అవమానంలోనూ ఒక సందేహం పీకింది.

"ఏ బ్లేడుతో కోసేవు? రష్యాదా?"

వరమ్మ కొంగు ముడి విప్పింది. అందులో రష్యా సగాలూ జర్మనీ సగాలూ మైనపు చుక్కలతో సహా అలాగే ఉన్నాయి. ఖరీదైనవని వాడలేదట, పని అయ్యాక కామేశం గారికి ఇచ్చేద్దామనుకుందట. వాటి పక్కనుంచి చిన్న గుడ్డ పీలిక తీసి విప్పింది. ఒక తేలుబొమ్మ సగం. వెన్ను తుప్పు పట్టి ఎర్రబడింది, అంచు మటుకు తెల్లగా మెరుస్తోంది.

"మొన్న మొహం కోసుకుపోనాదని పెరట్లో ఇసిరీసేవు కదా, అదే. రోజూ పొద్దున్న గాజు గళాసు లోపల నాలుగుసార్లు రుద్దుతాను. బాగానే కోస్తాది."

జపాను వరస తప్ప పోటీ మొత్తం ఆ తుప్పు ముక్క మీదే జరిగిందన్నమాట. ఆ లెక్కన కామేశం గారి సిద్ధాంతం ఒప్పే అయింది, పాపం, ఆయనకి తెలియకుండానే.

మర్నాడు పొద్దున్న కామేశం గారు హరిబాబుని వెంటబెట్టుకుని వచ్చారు. బజారులో దొరికినన్ని తేలుబొమ్మ ప్యాకెట్లు ఒక అట్టపెట్టెలో వేసి తెచ్చారు. హరిబాబు చిగుళ్ళేసిన వరసల వెంట నడిచాడు. అక్కడక్కడా వంగి కట్టు పట్టుకుని చూశాడు. మనసుకి నచ్చినట్టుంది. అప్పుడు అంట్లు కట్టే బల్ల దగ్గరికొచ్చి, దేవరాపల్లి వాళ్ళందరూ అడిగే మాటే అడిగాడు.

"ఏసుదానం కోసినవేనా?"

కామేశం గారు తలూపడానికి సిద్ధంగా ఉన్నారు. వరమ్మ తల ఎత్తలేదు. రిబ్బను ఉండ విప్పుతోంది, నోరు విప్పే ఉద్దేశం ఆవిడకి లేదని ఆ భుజాలు చూస్తేనే తెలుస్తోంది. ఔనంటే చాలు. రెండు వేల మొక్కలు, పాత పేరు, కుర్చీ అన్నీ ఉంటాయి. ఆవిడ వీపు పెట్టి కూర్చుంటుంది, తను విసుక్కుంటాడు, ఎప్పటిలాగే నడిచిపోతుంది. ఏసుదానానికి ఆ 'ఔను' గొంతు దాకా వచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడాల్సింది అతను గానీ మనం కాదు.

"కాదు బాబూ," అన్నాడు. "నా సెయ్యి పోనాది. కళ్ళు కనపట్టం లేదు. బతికినవన్నీ ఇది కోసింది. సచ్చినవి నావి."

కామేశం గారు అట్టపెట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఆడదాని కోత అంటదని చెప్పింది నువ్వే కదయ్యా అని గొణిగారు. తన వాట్సాప్ గ్రూపుకి ఏం చెప్పాలా అన్న దిగులు ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది. హరిబాబుకి ఆ దిగుళ్ళేవీ లేవు. అతనికి కావలసింది చిగురు. వరమ్మ వైపు తిరిగి, రెండు వేలు ఎన్నాళ్ళలో అవుతాయమ్మా అని అడిగాడు. ఏసుదానం భార్య అని కూడా అనలేదు, అమ్మా అన్నాడు. కట్టే మనిషి దొరికితే నెలరోజులంది వరమ్మ. అప్పటికి కామేశం గారు తేరుకుని, తను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నానని, ఆవిడ చేతిలో ఏదో ఉందని అనేశారు. అలాంటివాళ్ళు ఏ ఎండకి ఆ గొడుగు పట్టకపోతే ఇరిగేషన్‌లో రిటైరయ్యేదాకా నెగ్గుకురాలేరు.

వాళ్ళు వెళ్ళాక వరమ్మ లేచి బల్లకి అటువైపు, ఇన్నాళ్ళూ ఏసుదానం కూర్చున్న పీట మీద కూర్చుంది. ఆదివారం చర్చి ఆవరణలో కంటి డాక్టర్లు వస్తున్నారని, ఈసారి ముందు వరసలో నిలబెడతానని చెప్పింది. అతను తలూపాడు. ఆవిడ అట్టపెట్టెలోంచి ఒక తేలుబొమ్మ బ్లేడు తీసి, కాగితంలో ఉండగానే టక్కున విరిచింది. ఒక సగం కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకుంది. రెండో సగం అతని వైపు విసిరింది.

ఏసుదానం రిబ్బను అందుకున్నాడు. ఆవిడ మొదటి పుల్ల చెక్కి, దించి, సంచిని అతని ముందుకి జరిపింది. అతను చుట్టాడు. చుట్టు మీద చుట్టు జారింది. ముడి వేస్తే పక్కకి పోయింది. పళ్ళతో లాగితే రిబ్బను తెగింది. ఇంకోటి తీసుకుని మళ్ళీ చుట్టి, ఎలాగో ముడి వేసి, చెమట తుడుచుకుని పక్కన పెట్టాడు. అప్పటికి వరమ్మ నాలుగు కోసి వరసగా నిలబెట్టింది. ఆవిడ అతను కట్టినదాన్ని తీసుకుని పుల్లని రెండు వేళ్ళతో మెల్లగా కదిపింది. పుల్ల ఊగింది.

"జడ ఏసుకోడం వచ్చిన ప్రతి గుంటకీ వచ్చన్నావు కదా," అంది, కోపం లేకుండా. "ఇప్పు. మళ్ళీ కట్టు."

ఏసుదానం విప్పాడు.